కార్చిచ్చు రోజుల్లో ముందు ఫోన్ చేయాల్సింది మీ ఇంటికి పనికి వచ్చేవాళ్ళకి

రెండు వారాల కింద, ఇక్కడ కాలిఫోర్నియాలో, మా కాలనీ వెనక కొండ మీద ఎండుగడ్డి అంటుకుంది. రాత్రి పదిన్నరకి ప్రభుత్వ హెచ్చరికతో ఇంట్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. పిల్లల్ని, అత్తయ్యగారిని, ఫైళ్ళ సంచినీ కారులో వేసుకుని నలభై నిమిషాల్లో బయటపడ్డాం. దారిలోనే తెలిసినవాళ్ళందరికీ వాట్సాప్ పెట్టాం. గుంటూరులో అమ్మకి కూడా చెప్పాం.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి హోటల్ గదిలో ఉండగా డోర్‌బెల్ కెమెరా మోగింది. చూస్తే, పొగలో, మా గుమ్మం ముందు, మా ఇల్లు శుభ్రం చేయడానికి వచ్చే ఆవిడ నిలబడి ఉంది. చేతిలో బకెట్టు, ముఖానికి గుడ్డ మాస్కు. రెండు బస్సులు మారి వచ్చింది. మాకు వచ్చింది ఖాళీ చేసి తీరాలనే ఆర్డర్ కాదు, సిద్ధంగా ఉండమనే వార్నింగే కాబట్టి రోడ్డు మూయలేదు. ఎవరూ ఆపలేదు. బెల్లు కొట్టి, మేం లోపలే ఉన్నామనుకుని చాలాసేపు ఎదురుచూసింది. ఆ తర్వాత నాలుగు రోజులు దగ్గుతో పనికి పోలేకపోయింది. నాలుగు ఇళ్ళ డబ్బులు పోయాయి.

ఆవిడకి మేం చెప్పలేదు. గుంటూరుకి చెప్పాం, ఆవిడకి చెప్పలేదు.

ఇది మా ఒక్క ఇంటి తప్పు కాదు. 2019 అక్టోబర్‌లో లాస్ ఏంజెలెస్‌లో గెట్టీ అని పేరు పెట్టిన కార్చిచ్చు వచ్చినప్పుడు, ఇంటివాళ్ళు ఖాళీ చేసి వెళ్ళిపోయిన వీధుల్లోకి పనివాళ్ళు, తోటమాలులు మామూలుగా పనికి వచ్చారు. కొందరికి వాళ్ళ యజమానులు ఒక్క మాట కూడా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. పాస్‌పోర్టులు, మందులు, బంగారం ఏ సంచిలో పెట్టాలో మీకు తెలుసు, అది వదిలేస్తున్నాను.

కాలిఫోర్నియాలో పదిమందిలో దాదాపు నలుగురు లాటినోలు, అంటే మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ళు. మన పెరట్లో గడ్డి కోసేది, ద్రాక్ష, స్ట్రాబెర్రీ తెంపేది, మంట ఆరాక బూడిద ఎత్తేది ఎక్కువగా వాళ్ళే. ఎండలు ముదిరి, వానలు వెనక్కి జరిగేకొద్దీ ఈ మంటల కాలం పొడవు పెరుగుతోంది. లాస్ ఏంజెలెస్‌లో పెద్ద మంటలు మొదలైన 2025 జనవరి 7 అంటే నడి చలికాలం. వాన పడాల్సిన నెలల్లో పడక కొండలు పెళుసుగా ఎండిపోయాయి, ఎడారి వైపు నుంచి వీచే శాంటా ఆనా పొడిగాలి తోడైంది. పాలిసేడ్స్, ఈటన్ అనే ఆ రెండు మంటల్లో 31 మంది చనిపోయారు, 16 వేలకు పైగా కట్టడాలు కాలిపోయాయి. అందుకని సెప్టెంబర్, అక్టోబర్ దాటాయి కదా అని ఊరుకోకండి.

గాలులు మొదలవకముందే

మీ ఇంటికి పనికి వచ్చే ప్రతి ఒక్కరి ఫోన్ నంబరు మీ దగ్గర ఉండాలి. గార్డెనర్ల విషయంలో మేస్త్రీ నంబరు ఒక్కటే ఉంటుంది మనకి. అతనితో వచ్చే కుర్రాళ్ళ నంబర్లు కూడా అడిగి తీసుకోండి. ఇంటివాళ్ళు సర్దుకునేటప్పుడు ఈ ఫోన్లు ఎవరు చేయాలో ఇప్పుడే తేల్చండి. ఎవరో ఒకరు చేస్తారులే అనుకుంటే ఎవరూ చేయరు. మా ఇంట్లో అదే జరిగింది.

స్పానిష్‌లో మెసేజ్ ముందే రాసి ఫోన్లో దాచుకోండి. ఆ కంగారులో ట్రాన్స్‌లేటర్ యాప్ తెరిచే తీరిక ఉండదు. మూడు ముక్కలు చాలు: "నో వెంగా ఓయ్. ఆయ్ ఇన్సెందియో. లే పాగో ఎల్ దియా." ఈరోజు రావద్దు, మంటలు వచ్చాయి, ఈరోజు డబ్బులు ఇస్తాను అని అర్థం. మూడో ముక్క లేకపోతే మొదటి రెండూ పనిచేయవు. ఆ రోజు కూలి మీద ఆ వారం ఇంటి అద్దె ఆధారపడిన మనిషి పొగను చూసి ఆగిపోదు.

అందరికీ స్పానిష్ వచ్చనుకోవద్దు. మెక్సికోలోని ఒహాకా, గెరెరో రాష్ట్రాల వైపు నుంచి వచ్చి పొలాల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది మాతృభాష మిస్తెకో, సపోతెకో, త్రికి లాంటి అక్కడి ఆదివాసీ భాషలు. మెక్సికన్లందరికీ స్పానిష్ సరిపోతుందనుకోవడం, ఇండియా నుంచి వచ్చినవాళ్ళందరికీ హిందీ వచ్చనుకోవడం లాంటిదే. మన పెద్దవాళ్ళకి ఆ మాట ఎంత ఇబ్బందో మనకి తెలుసు. 2017 డిసెంబర్‌లో థామస్ మంట వచ్చినప్పుడు వెంచురా కౌంటీలో హెచ్చరికలు మొదట్లో ఇంగ్లీషులోనే వచ్చాయి. ఆక్స్‌నార్డ్ పొలాల్లో స్ట్రాబెర్రీ తెంపుతున్న మిస్తెకో కూలీలకి మాస్కులు పంచింది, సంగతి చెప్పింది వాళ్ళ సొంత సంఘాలే. రెండేళ్ళ తర్వాత రాష్ట్ర ఆడిటర్ కూడా వెంచురా, సొనోమా, బ్యూట్ కౌంటీలు ఇలాంటి వాళ్ళ కోసం సరిగా సిద్ధపడలేదని తేల్చారు. కాబట్టి మెసేజ్ పంపి వదిలేయకండి, ఫోన్ చేసి మాట్లాడండి. వాళ్ళకి వాయిస్ మెసేజ్ సులువైతే అదే పంపండి.

మంటలు ఎక్కడున్నాయో ఎప్పటికప్పుడు చూపించే వాచ్ డ్యూటీ యాప్ పెట్టుకోండి. ప్రభుత్వ ఆర్డర్ కోసం కూర్చోవద్దు. ఈటన్ మంటలో కాలిన ఆల్టడీనా ఊరి పడమటి భాగానికి ఖాళీ చేయమన్న ఆర్డర్ తెల్లవారుజామున మూడు దాటాక వచ్చింది. మంట అంతకుముందు సాయంత్రం ఆరింటికే మొదలైంది.

పొగ కమ్మిన రోజు

మంట మీ ఊళ్ళో లేకపోయినా సరే, గాలి నాణ్యత సూచీ 150 దాటితే బయట పని ఆపించండి. 2019 నుంచి కాలిఫోర్నియాలో ఒక నియమం ఉంది: సూచీ 151కి చేరితే, బయట పనిచేయించే యజమాని ఎన్-95 మాస్కులు అందుబాటులో ఉంచాలి. 500 దాటితే పెట్టుకోవడం తప్పనిసరి. గార్డెనింగ్ కంపెనీకి ఇది వర్తిస్తుంది. మీరు నేరుగా ఇంటిపనికి పెట్టుకున్న ఆవిడకి వర్తించదు. ఇంటిపనివాళ్ళని ఈ రక్షణలోకి తెచ్చే బిల్లుల్ని గవర్నర్ న్యూసమ్ 2020లో ఒకసారి, 2023లో ఒకసారి వీటో చేశారు. 2024లో వచ్చిన చట్టం ఏజెన్సీల ద్వారా వచ్చేవాళ్ళని మాత్రమే కలుపుకుంది. అంటే ఆవిడ ఊపిరితిత్తులకి ఆ రోజు పూచీ మీరే, ఇంకెవరూ లేరు.

గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు పొగలోని సన్న నలుసుల్ని ఆపవు. ఎన్-95 డబ్బా ఒకటి గుమ్మం దగ్గర పెట్టండి. "కావాలంటే తీసుకోండి" అనకండి, చేతికివ్వండి. కావాలని అడగడానికి మొహమాటపడతారు.

ఆవిడ ఫోన్ ఎత్తలేదా? మళ్ళీ చేయండి. పొద్దున ఆరున్నరకే చేయండి, బస్సెక్కాక కాదు.

మంట ఆరాక

ఇక్కడ ఇంకా ఎక్కువమంది దెబ్బతింటారు. ఇంటికి తిరిగొచ్చి చూస్తాం, గుమ్మం నిండా, కిటికీల్లో బూడిద. మొదటి ఆలోచన క్లీనింగ్‌కి పిలుద్దాం అనే. ఆగండి. అడవి బూడిద వేరు, కాలిన ఇళ్ళ బూడిద వేరు. పాత ఇళ్ళ రంగుల్లో సీసం ఉంటుంది, గోడల్లో, పైకప్పుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. ఈటన్ మంటలో కాలినవి చాలావరకు అలాంటి పాత ఇళ్ళే. ఆ జనవరిలో పాసడీనాలో కూలి కోసం వచ్చే లాటినోలు, మన ఊళ్ళో అడ్డా మీద కూలీల్లాంటివాళ్ళే, చీపుర్లూ పారలూ పట్టుకుని వీధుల్లో కూలిన చెట్లు, చెత్త తీశారు. వాళ్ళని నడిపించిన సంఘం ముందు మాస్కులూ చేతొడుగులూ ఇచ్చింది. మన ఇంట్లో పని చేయించే మనం కూడా అంతే చేయాలి.

ఆకులు ఊదే బ్లోవర్ వాడనివ్వద్దు. బూడిద మళ్ళీ గాల్లోకి లేస్తుంది.

పొడి చీపురూ వద్దు. నీళ్ళు చిలకరించి, తడిగుడ్డతో తుడవాలి.

మామూలు వాక్యూమ్ క్లీనర్ పెట్టవద్దు, సన్న నలుసుల్ని కూడా పట్టే హెపా ఫిల్టర్ ఉన్నదైతేనే.

చేతొడుగులు, పొడుగు చేతుల చొక్కా, ఎన్-95. మూడూ మీరే కొనివ్వండి.

వాళ్ళ పిల్లల్ని ఆ పనికి తీసుకురానివ్వద్దు.

మీ ఇంటి పక్కనే ఇళ్ళు కాలిపోయి ఉంటే ఆవిడని అసలు పిలవకండి. లైసెన్సు ఉన్న కంపెనీని పిలవండి, ఖర్చెక్కువైనా.

పని మానిపించిన రోజులకీ డబ్బులివ్వండి. వారం పోతే వారం. మనకి ఇన్సూరెన్స్ వస్తుంది, ఆవిడకి ఏదీ రాదు.

ఆవిడ ఇల్లు కూడా ఖాళీ చేయాల్సిన చోట ఉందేమో అడగండి. మేం అడగలేదు.

షెల్టర్‌కి వెళ్ళమంటే భయపడతారు. 2017లో సొనోమాలో మంటలు వచ్చినప్పుడు, ఇమ్మిగ్రేషన్ కాగితాలు అడుగుతారన్న భయంతో చాలా కుటుంబాలు షెల్టర్లకి పోకుండా సముద్రపు ఒడ్డున కార్లలో పడుకున్నాయి. రెడ్‌క్రాస్ షెల్టర్లలో ఇమ్మిగ్రేషన్ కాగితాలు అడగరని చెప్పండి. అయినా భయపడితే బలవంతం చేయకండి, మీ తెలిసినవాళ్ళ ఇంట్లో ఒక గది చూడండి.

పిల్లలు ఇక్కడ పుట్టినవాళ్ళైతే, వాళ్ళ పేరు మీద ఫెమా (విపత్తుల్లో సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) సాయానికి అర్జీ పెట్టుకోవచ్చు. అయితే ఫారం నింపేముందు ఉచిత లీగల్ ఎయిడ్ వకీలుతో మాట్లాడమనండి. మీరు సొంతంగా సలహాలివ్వద్దు.

సొనోమా వైపైతే కేబీబీఎఫ్ రేడియో పెట్టుకోమనండి, 89.1. 2017 మంటల్లో స్పానిష్‌లో కబురు అందించింది ఆ స్టేషనే.

మంటల రోజుల్లో కరెంటు తీసేస్తారు. ఫోన్లు ముందే ఛార్జ్ చేసుకోండి. ఫోన్ ఆగిపోయిందని ఆవిడకి చెప్పకుండా ఉండిపోవద్దు.

ఎవరికి చెప్పాలో చీటీ రాసి ఫ్రిజ్ మీద అంటించండి. అందులో మొదటి పేరు ఆవిడది, రెండోది గార్డెనర్‌ది. ఇండియా ఫోన్లు ఆ తర్వాత, కారెక్కాక.