స్కానా, రాక్‌స్టెడీనా, రెగ్గేనా: చెవితో పోల్చుకునే పద్ధతి

జమైకా పాట వినేటప్పుడు ముందు గాయకుణ్ణి పక్కన పెట్టండి. బేస్ గిటార్ వాయించేవాణ్ణి కాబట్టి నా వాద్యం గొప్ప చెప్పుకుంటున్నానని అనుకోవచ్చు, కొంత నిజమే. అయినా స్కా, రాక్‌స్టెడీ, రెగ్గే అనే మూడు జమైకా సంగీత శైలులను వేరు చేసేది గొంతు కాదు. జమైకా గాయకుడు టూట్స్ హిబర్ట్ ఈ మూడూ పాడాడు. తేడా అంతా బేస్ నడకలోనూ, డ్రమ్ దెబ్బ పడే చోటులోనూ ఉంది.

స్కాతో మొదలుపెట్టండి. 1950లలో జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో భారీ స్పీకర్లతో జనాన్ని ఆడించిన సౌండ్ సిస్టమ్‌లు అమెరికా రిథమ్ అండ్ బ్లూస్ రికార్డుల మీదే బతికాయి. పాట పేరు పోటీవాడికి తెలియకూడదని రికార్డు మీది లేబుల్ గీకేసేవారు! ఆ దశాబ్దం చివరికి అమెరికా రాక్ అండ్ రోల్ వైపు మళ్లడంతో అలాంటి రికార్డులు కరువయ్యాయి. దాంతో డ్యూక్ రీడ్, కాక్సన్ డాడ్ వంటి సౌండ్ సిస్టమ్ యజమానులు కింగ్‌స్టన్ వాద్యకారులతోనే పాటలు చేయించారు. 1964లో ఏర్పడిన స్కాటలైట్స్ బృందాన్ని వినండి. బేస్ ఎక్కడా ఆగదు, దెబ్బకో స్వరం వేస్తూ పోతుంది. గిటారు, పియానో ఆ దెబ్బల మధ్య ఖాళీల్లో టక్కుమంటాయి. పైన బాకాలు చెలరేగుతాయి. డాన్ డ్రమండ్ ట్రాంబోన్ కోసమైనా మరోసారి వినాలి.

1966 ప్రాంతంలో వేగం తగ్గింది, బాకాలు పలచబడ్డాయి. బేస్ చిన్న పలుకు పలికి, ఆగి, మళ్లీ పలకడం మొదలుపెట్టింది. అదే రాక్‌స్టెడీ. దాని హవా రెండేళ్లే, కానీ తర్వాత వచ్చినవన్నీ దాని బేస్ మీదే నిలబడ్డాయని నా అభిప్రాయం.

1968లో వచ్చిన రెగ్గేను చాలామంది నెమ్మదిని బట్టి గుర్తుపడతారు. ఆ కొలత నమ్మకండి. తొలినాటి రెగ్గే రాక్‌స్టెడీ కంటే చురుకుగా ఉంటుంది. గిటారు సందుల్లో బుడబుడలాడే ఆర్గన్ కోసం వెతకండి. 1970ల పాటలైతే, ఒకటి నుంచి నాలుగు వరకు, గిటారు రెండు, నాలుగు అంకెల మీద పడేలా లెక్కపెట్టండి. ఒకటి దగ్గర పెద్ద డ్రమ్ పలకదు. మూడు మీద పెద్ద డ్రమ్, స్నేర్ అనే చిన్న డ్రమ్ కలిసి పడతాయి. దాని పేరు వన్ డ్రాప్. రెగ్గే గాయకుడు బాబ్ మార్లే వెనుక డ్రమ్స్ వాయించిన కార్ల్‌టన్ బారెట్ దీనికి మంచి గురువు.

గొంతు హఠాత్తుగా మాయమై, బేస్, డ్రమ్, ప్రతిధ్వని మిగిలాయా? అది డబ్. ఎలక్ట్రానిక్ పరికరాలు బాగుచేసే కింగ్ టబ్బీ రికార్డైన ధ్వనులను కలిపే మిక్సింగ్ బల్లనే వాద్యంగా మార్చాడు.

1985లో వేన్ స్మిత్ పాడిన 'అండర్ మి స్లెంగ్ టెంగ్' దగ్గర నాకు కాస్త కినుక. అందులోని బేస్ కాసియో కీబోర్డులో ముందే నింపిన లయ నుంచి వచ్చింది. రెగ్గే నుంచి పుట్టిన డాన్స్‌హాల్ శైలి అలా కంప్యూటర్ల వైపు తిరిగింది. మా వాళ్లకు పని తగ్గింది.

చెవి పదును చూసుకోవాలంటే సౌండ్ డైమెన్షన్ వాద్యగీతం 'రియల్ రాక్', ఆ తర్వాత విలీ విలియమ్స్ 'ఆర్మగిడియన్ టైమ్' పెట్టండి. రెండింటి కింద ఉన్నది ఒకే బేస్ అని పట్టుకోగలిగితే, అదే బేస్ మీద కట్టిన పాటలు ఇంకా ఎన్నో ఉన్నాయి, వాటిని వెతకండి.