బాలిలో ముండుక్‌కి వెళ్లేవాళ్లకి నాలుగు మాటలు

బాలి అనగానే మనవాళ్లు బీచ్ పక్కన హోటల్ వెతుకుతారు. శ్రీకాకుళం వాళ్లకి బీచ్ కోసం అంత దూరం దేనికండీ, కళింగపట్నం ఉండగా? నన్నడిగితే ద్వీపానికి ఉత్తరాన కొండల్లో ఉన్న ముండుక్‌కి వెళ్లండి. జలపాతాలు చూసి సాయంత్రానికి తిరిగిపోయేవాళ్లే ఎక్కువ. మీరు మాత్రం కనీసం రెండు రాత్రులు ఉండండి. బళ్లన్నీ కొండ దిగిపోయాకే ఆ ఊరు బాగుంటుంది.

వైజాగ్ నుంచి సింగపూర్ మీదుగా బాలి విమానాశ్రయం ఉన్న డెన్‌పసార్ వెళ్లొచ్చు. వీసా అక్కడ దిగాక తీసుకోవచ్చు. అక్కడి డబ్బుల్లో 5,00,000 రుపియా అనగానే గుండె జారనక్కర్లేదు, మన డబ్బుల్లో మూడు వేల లోపే. పర్యాటకుల పన్ను 1,50,000 వేరే. ముండుక్‌లో ఏటీఎం మీద ఆశ పెట్టుకోకుండా నగదు దగ్గరుంచుకోండి. విమానాశ్రయం నుంచి కారులో మూడు గంటలు పట్టొచ్చు. చివర్లో అన్నీ మెలికల మలుపులే, వాంతుల మాత్ర ముందే వేసుకోవాలి.

లవంగాల కోత సమయంలో, అంటే జూలై, ఆగస్టుల్లో వెళ్తే మంచిది. పలాసలో జీడిపిక్కలు ఆరబోసినట్టు ఇళ్ల ముందు పట్టాల మీద లవంగాలు పోస్తారు. కోసినప్పుడు ఆకుపచ్చ మీద కాస్త ఎరుపు తిరిగిన మొగ్గలు, ఎండేకొద్దీ నల్లబడతాయి. దారంతా ఘాటు. చెట్లు పొడుగు కాబట్టి వెదురు నిచ్చెనలేసి కోస్తారు. కింద నిలబడి ఫోటోలు తీస్తూ వాళ్లకి అడ్డం పడకండి.

నడకలు పొద్దున్నే పెట్టుకోండి. మధ్యాహ్నం దాటితే మబ్బు దిగుతుంది, జలపాతం మెట్లు జారతాయి. రాత్రి చలేస్తుంది, స్వెట్టర్ ఉండాలి. ఏసీ గది అడగడం దండగ.

శాకాహారులకి అసలు చిక్కు కూరల్లో కాదు, కారంలో. సంబల్ అనే వాళ్ల మిరప పచ్చడిలో తెరాసి అనే రొయ్యల ముద్ద కలుపుతారు. మా అత్తగారు వాసన చూసే పట్టేశారు. "తన్‌పా తెరాసి", అంటే తెరాసి లేకుండా, అనండి, వెయ్యరు. టెంపే (పులియబెట్టిన సోయా గింజల ముద్ద), అన్నం, ఆకుకూర ఉంటే రోజు గడిచిపోతుంది.

గుడికి నడుముకి లుంగీ లాంటి సారంగ్ కట్టుకునే వెళ్లాలి. నెలసరిలో ఆడవాళ్లు రాకూడదని బోర్డు కూడా ఉంటుంది, మనకి కొత్తేం కాదు. గుమ్మాల ముందు పూలు పెట్టిన చిన్న ఆకు దొన్నెలు కనిపిస్తాయి, చూసి దాటండి, తొక్కకండి.

ఇంకొకటి, న్యేపి. అది వాళ్ల శక సంవత్సరాది. ఒక్కోసారి మన ఉగాది రోజే వస్తుంది, 2026లో రెండూ మార్చి 19నే. ఆ రోజు ఎవరూ వీధిలోకి రారు, దీపాలు వెలిగించరు, విమానాశ్రయం కూడా 24 గంటలు మూసేస్తారు. టికెట్ తీసే ముందు ఆ తేదీ ఒకసారి చూసుకోండి.