ఐసీ మార్చే ముందు శబ్దం వినండి: ఇంట్లో కట్టుకున్న ఆంప్, స్పీకర్, హెడ్‌ఫోన్ సమస్యలు

ఇంట్లో కట్టుకున్న ఆంప్లిఫయర్ మొరాయించగానే చాలామంది చెయ్యి ఐసీ మీదికే, అంటే సౌండ్ పెంచే చిప్ మీదికే పోతుంది. మన విశాఖలో డాబాగార్డెన్స్ వెళ్లి కొత్త ఐసీ తెచ్చి వేస్తారు. అదే సమస్య మళ్లీ వస్తుంది. నేను విప్పి చూసిన సెట్లలో నిజంగా ఐసీ తప్పు ఉన్నవి తక్కువ. సోల్డరింగ్, కనెక్టర్, గ్రౌండ్ తీగ, వాల్యూమ్ కంట్రోల్, ఎక్కువగా వీటిలోనే దొరుకుతుంది. తప్పు ఎక్కడుందో చాలావరకు శబ్దమే చెబుతుంది. గుయ్‌మంటే ఒక కారణం, బర్రుమంటే ఇంకో కారణం, గరగరకీ చిటపటకీ వేరే కారణాలు.

దానికి తోడు మనది సముద్రం ఒడ్డు ఊరు. మా ఇల్లు పెదవాల్తేరులో. కిటికీ గ్రిల్స్‌కి ఒక్క ఏడాది రంగు వేయకపోతే తుప్పు పొరలు పొరలుగా రాలుతుంది. ఆ ఉప్పు గాలే ఆంప్ డబ్బాలోకీ పోతుంది. సాకెట్ల మీద, స్పీకర్ తీగ కొసల మీద పచ్చగా చిలుము కనిపిస్తే మిగతా పరీక్షలన్నీ పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడండి. తీగ కొస కత్తిరించి, లోపల మెరిసే రాగి కనబడేదాకా వలిచి, సోల్డర్ పట్టించి బిగించండి. సాకెట్‌ను కాంటాక్ట్ క్లీనర్‌తో తుడవండి.

ఆన్ చేయగానే ఫ్యూజ్ పోతోంది

సిరీస్ బోర్డు లేకుండా కొత్త ఆంప్‌ను నేరుగా కరెంటుకు పెట్టకండి. ఆ బోర్డులో 60 వాట్ల ఫిలమెంట్ బల్బు ఆంప్‌కు సిరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండా పోయి ఆంప్‌కు చేరేలా ఉండాలి. ఎల్‌ఈడీ బల్బు దీనికి పనికిరాదు. స్విచ్ వేయగానే బల్బు ఒక్కసారి వెలిగి, డీసీని సాఫు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు నిండాక మసకబారాలి. అలాగే వెలుగుతూ ఉందంటే లోపల ఎక్కడో షార్ట్ ఉంది.

గాజువాక నుంచి ఒక కుర్రాడు టీడీఏ2030 అనే ఐసీతో కట్టిన ఆంప్ తెచ్చాడు. "అన్నా, రెండు ఐసీలు మార్చాను, అయినా ఫ్యూజ్ పోతోంది" అన్నాడు. సిరీస్ బోర్డుకు పెడితే బల్బు నిండుగా వెలిగింది.

"ఇంతకు ముందు సింగిల్ సప్లైతో కట్టావా తమ్ముడూ?"

"అవునన్నా, అది బాగానే పాడింది. ఇప్పుడు 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాను."

విషయం అక్కడే తేలిపోయింది. సింగిల్ సప్లైలో ప్లస్, గ్రౌండ్ మాత్రమే ఉంటాయి. 12-0-12తో వచ్చే డ్యూయల్ సప్లైలో గ్రౌండ్‌కు అటు ప్లస్, ఇటు మైనస్ రెండూ ఉంటాయి. ఈ ఐసీ వెనక ఉండే లోహపు పలక లోపల మూడో పిన్నుకు కలిసి ఉంటుంది. సింగిల్ సప్లైలో మూడో పిన్ను గ్రౌండే కాబట్టి వేడి లాగే హీట్‌సింక్‌కు నేరుగా బిగించినా ఏమీ కాదు. డ్యూయల్ సప్లైలో అదే పిన్ను నెగటివ్ సప్లై అవుతుంది. హీట్‌సింక్ గ్రౌండ్‌కు కలిసిన డబ్బాకు తగిలిందా, నెగటివ్ పోయి గ్రౌండ్‌తో షార్ట్. కరెంటు పోనివ్వని మైకా ముక్క వేసి, రెండు వైపులా హీట్‌సింక్ పేస్ట్ పల్చగా రాసి, స్క్రూకు ప్లాస్టిక్ బుష్ పెట్టి బిగించాం. పలకకూ హీట్‌సింక్‌కూ మధ్య మీటర్ బీప్ ఇవ్వడం లేదని చూశాకే స్విచ్ వేశాం. బల్బు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది. వాడు తీసేసిన రెండు ఐసీలూ మళ్లీ వేసి చూస్తే రెండూ బాగానే ఉన్నాయి.

ట్రాన్స్‌ఫార్మర్ మీద 12 అని రాసి ఉన్నా డయోడ్లు దాటాక కెపాసిటర్ మీద సుమారు 16 వోల్టులు నిలుస్తాయి. అందుకే అక్కడ 16 వోల్టుల కెపాసిటర్ వద్దు, 25 వోల్టులది వేయండి. సౌండ్ పెరుగుతుందని 15-0-15 పెట్టకండి. అది దాదాపు 20 వోల్టులకు పోతుంది. టీడీఏ2030 తట్టుకునే హద్దు అటూ ఇటూ 18 వోల్టులే. ఐసీలు నిజంగా చచ్చిపోయేది ఇలాంటి చోట.

ఫ్యూజ్ నిలిచాక కూడా స్పీకర్ కలపడానికి తొందరపడకండి. డ్యూయల్ సప్లై ఆంప్ అయితే ముందు అవుట్‌పుట్ దగ్గర డీసీ కొలవండి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే టెన్షన్ లేదు. వోల్టుల్లో ఉంటే మాత్రం కాయిల్ కాలిపోతుంది, కారణం దొరికేదాకా స్పీకర్ జోలికి వెళ్లకండి.

గుయ్‌మని హమ్

వాల్యూమ్ పూర్తిగా తగ్గించి వినండి. హమ్ అలాగే ఉంటే తప్పు పవర్ సప్లైలోనో ఆంప్ వైరింగ్‌లోనో ఉంది. వాల్యూమ్‌తో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది ఇన్‌పుట్ వైపు నుంచి వస్తోంది.

తరువాత ఆ హమ్ ఎలాంటిదో గుర్తుపట్టాలి. మన కరెంటు 50 హెర్ట్జ్. లోతుగా, మెత్తగా గుయ్‌మంటే 50 హెర్ట్జ్ అన్నమాట, అది గ్రౌండ్ లూప్ (గ్రౌండ్ రెండు దారుల్లో కలిసి చుట్టు ఏర్పడడం) నుంచో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరగా పోతున్న ఇన్‌పుట్ తీగ నుంచో వస్తుంది. కాస్త గరుకుగా బర్రుమంటే 100 హెర్ట్జ్. ఏసీని డీసీగా మార్చే బ్రిడ్జ్ రెక్టిఫయర్ దాటాక మిగిలే రిపుల్ (అల) ఆ ఫ్రీక్వెన్సీలోనే ఉంటుంది కాబట్టి ఫిల్టర్ కెపాసిటర్‌ను అనుమానించండి. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి రెండూ ఒకసారి వింటే ఇక మర్చిపోరు.

ల్యాప్‌టాప్ కలిపినప్పుడే హమ్ వస్తే ఛార్జర్ లాగి చూడండి. బ్యాటరీ మీద శబ్దం పోయిందంటే గ్రౌండ్ లూప్. దీనికి ఎర్త్ పిన్ తీసేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. రేపు ట్రాన్స్‌ఫార్మర్ లీకై డబ్బాకు కరెంటు వస్తే కాపాడేది ఆ పిన్నే. ఇన్‌పుట్, స్పీకర్, పవర్ సప్లైల గ్రౌండ్ తీగలన్నీ విడివిడిగా తెచ్చి ఒకే చోట, ఫిల్టర్ కెపాసిటర్ల మధ్య బిందువు దగ్గర కలపండి. ఇన్‌పుట్‌కు షీల్డ్ వైర్ వాడి, ట్రాన్స్‌ఫార్మర్‌కు దూరంగా నడపండి. అప్పటికీ మిగిలితే ట్రాన్స్‌ఫార్మర్‌ను కొద్దికొద్దిగా తిప్పుతూ వినండి. ఒక కోణంలో హమ్ బాగా తగ్గిపోతుంది.

వాల్యూమ్ తిప్పితే గరగర

కంట్రోల్ లోపలి కార్బన్ మీద దుమ్ము. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఇరవై ముప్పైసార్లు ఆ చివరి నుంచి ఈ చివరికి తిప్పండి. వారం తిరక్కుండా మళ్లీ గరగర మొదలైతే కంట్రోల్ మార్చకండి. దాని మీద డీసీ పడుతోందేమో మీటర్‌తో చూడండి. దాని ముందు డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ లీకైనా, తిరగేసి పెట్టినా ఇదే గరగర వస్తుంది.

వానాకాలంలో చిటపట, ఒక పక్క సౌండ్ వచ్చిపోవడం

డ్రై సోల్డర్, అంటే పిన్నును సరిగ్గా పట్టని సోల్డర్. బోర్డు మీద ఐస్‌క్రీమ్ పుల్లతో ఒక్కో జాయింట్ దగ్గరా మెల్లగా తట్టండి. ఇంటి కరెంటు వచ్చే మెయిన్స్ వైపు మాత్రం తట్టొద్దు. చిటపటమన్న చోట ఫోన్ కెమెరా జూమ్ చేసి చూస్తే పిన్ను చుట్టూ వెంట్రుకంత సన్నని నల్లటి వలయం కనిపిస్తుంది. సోల్డర్ పిన్నును వదిలేసింది అక్కడే. ప్లగ్ లాగేసి, పాత సోల్డర్ తీసేసి, కొత్తది పట్టించండి. ఎలక్ట్రానిక్స్‌కి రోజిన్ ఫ్లక్సే వాడాలి. యాసిడ్ ఉన్న పేస్ట్ వాడితే ఇక్కడి తేమకు బోర్డును తినేస్తుంది. పని అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో బ్రష్ పెట్టి కడగండి.

బేస్ లేదు

రెండు స్పీకర్లలో ఒకదానికి ప్లస్ మైనస్ తారుమారై ఉంటుంది. ఒక కోన్ ముందుకు వస్తుంటే రెండోది వెనక్కి పోతుంది, బేస్ ఒకదాన్నొకటి తినేస్తాయి. ఆంప్ నుంచి తీగలు తీసి, 1.5 వోల్టుల సెల్ ప్లస్‌ను స్పీకర్ ప్లస్‌కు, మైనస్‌ను మైనస్‌కు క్షణం పాటు తాకించండి. రెండు కోన్లూ ఒకే వైపు కదలాలి.

అవి సరిగ్గా ఉంటే పెట్టెలో గాలి పోతోందేమో చూడాలి. 40 హెర్ట్జ్ టోన్ సన్నగా పెట్టి, అగరబత్తి వెలిగించి అతుకుల వెంబడి నెమ్మదిగా జరపండి. లీకున్న చోట పొగ గీత ఒక్కసారిగా వణుకుతుంది. ఎండీఎఫ్ (చెక్క పొడి అదిమి చేసిన పలక) పెట్టెలకు అంచుల్లో రంగు వేయకపోతే మన ఉక్కకు ఉబ్బి అతుకులు విడిపోతాయి. ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి నింపి, ఆరాక అంచులకు రెండు కోటింగులు వేయండి. నేనైతే ఈ ఊళ్లో మెరైన్ ప్లైవుడ్డే వాడతాను.

హెడ్‌ఫోన్‌లో వాయిద్యాలు వినిపిస్తున్నాయి, గాయకుడి గొంతు మాయమైంది

కొత్తగా హెడ్‌ఫోన్ బాగుచేసుకునేవాళ్లు దీన్ని చూసి ఆంప్ పాడైందనుకుంటారు. తప్పు జాక్‌లో ఉంటుంది. జాక్ కొన ఎడమ, మధ్య వలయం కుడి, మొదలు రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్. ఆ గ్రౌండ్ తెగితే రెండు డ్రైవర్లూ (చెవుల దగ్గరి చిన్న స్పీకర్లు) సిరీస్‌లో పడి, ఎడమకీ కుడికీ ఉన్న తేడా మాత్రమే వినిపిస్తుంది. గొంతు రెండు పక్కలా సమానంగా ఉంటుంది కాబట్టి కొట్టుకుపోతుంది.

మీటర్‌తో తేల్చుకోండి. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ అయితే కొనకీ మొదలుకీ మధ్య, వలయానికీ మొదలుకీ మధ్య సుమారు 32 చొప్పున రావాలి. ఆ రెండు చోట్లా ఏమీ చూపకుండా, కొనకీ వలయానికీ మధ్య మాత్రం 64 చూపిస్తే గ్రౌండ్ తెగినట్టే. కొత్త జాక్ వేసేటప్పుడు ఆ వెంట్రుకల్లాంటి తీగల మీద రంగు ఎనామిల్ పూత ఉంటుందని గుర్తుంచుకోండి. సోల్డర్ బొట్టులో ముంచి, పొగ ఆగి తీగ వెండిలా మెరిసేదాకా వేడి చేయాలి. లేకపోతే జాయింట్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, కరెంటు మాత్రం పోదు.