శాలువాలు లేకుండా రచయితని పిలవడం ఎలా (బుక్ క్లబ్బు సంగతి కూడా)

మాది విజయవాడలో చిన్న పుస్తకాల షాపు, లోపల మొత్తం కలిపి మూడొందల చదరపు అడుగులు. అందులోనే నెలకోసారి బుక్ క్లబ్బు, రెండు నెలలకోసారి ఎవరో ఒక రచయితతో ముచ్చట పెడుతుంటాం. "మా ఊళ్లో కూడా పెడదామనుకుంటున్నాం, ఎలాగండీ" అని ఈ మధ్య నలుగురైదుగురు ఫోన్ చేశారు. ప్రతిసారీ అరగంట చెప్పి గొంతు పోతోంది, అందుకని ఇదిగో, ఒకేచోట రాసేస్తున్నా.

మనకి పుస్తకం అనగానే సభ గుర్తొస్తుంది. అధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఐదారుగురు వక్తలు, చివర్లో వందన సమర్పణ. ఆరింటికి అని కార్డులో వేసి ఏడింటికి మొదలుపెడతారు, రచయిత చేతికి మైకు వచ్చేసరికి తొమ్మిదవుతుంది, అప్పటికి కుర్చీల్లో మిగిలేది ఆయన బంధువులే. మా మొదటి కార్యక్రమం నేనూ అచ్చం ఇలాగే చేశాను. వేదిక మీద ఏడుగురు, కింద పదకొండు మంది, అమ్ముడైన కాపీలు మూడు, అందులో ఒకటి నేనే కొన్నాను. శాలువాల ఖర్చు కూడా రాలేదు. ఆ దెబ్బతో వేదిక ఎత్తేశాను. అందరూ ఒకే ఎత్తులో గుండ్రంగా కూర్చోవడం, ఎవరికీ దండలూ శాలువాలూ లేకపోవడం, ఈ రెండూ పాటించారంటే సగం పని అయిపోయినట్టే.

ముందు క్లబ్బు మొదలుపెట్టండి, రచయితల్ని తర్వాత పిలవచ్చు. ఆరు నెలలు ఆపకుండా నడిపితే ఓ పదిహేను మంది ఖాయంగా వచ్చేవాళ్లు తయారవుతారు, వాళ్లుంటే ఎవర్ని పిలిచినా ఖాళీ కుర్చీల టెన్షన్ ఉండదు.

మొదటిసారి ఎవరికీ హోంవర్కు ఇవ్వకండి. మేం గురజాడ 'దిద్దుబాటు' తీసుకున్నాం. 1910 నాటి కథ, బాగా చిన్నది, జెరాక్స్ తీసి పంచి అక్కడికక్కడే తలా ఓ పేరా పైకి చదివించాం. మన దేశంలో కాపీరైటు రచయిత పోయాక అరవై ఏళ్ల దాకా ఉంటుంది, గురజాడ పోయింది 1915లో కాబట్టి ఆయనవి ఎన్ని జెరాక్సులు తీసినా ఇబ్బంది లేదు. చలం అయితే అలా కుదరదు, ఆయన పోయింది 1979లో, అంటే 2039 చివరి దాకా ఆగాలి. చదవడం అయ్యాక నేను అడిగింది ఒకటే ప్రశ్న: మంచం కింద దాక్కున్న భార్య కమలిని నవ్వేసరికి, రాత్రిళ్లు సానుల పాటలకి తిరిగే గోపాలరావు నిజంగా మారాడా, ఆ రాత్రికి భయపడ్డాడా? గంటన్నర సరిపోలేదు. ఓ రిటైర్డ్ లెక్కల మాస్టారూ, బీటెక్ చదివే అమ్మాయీ మెట్లు దిగుతూ కూడా వాదించుకుంటూనే ఉన్నారు.

రెండో నెల నుంచి పుస్తకం ఎంచుకోవాలి, అసలు చిక్కు ఇక్కడే. తెలుగులో మంచి పుస్తకాలు సగం ఎప్పుడు చూసినా దొరకవు, రెండో ముద్రణ పడదు, పడినా ఎవరి దగ్గరుందో తెలీదు. కాబట్టి ముందు పబ్లిషర్‌కి ఫోన్ చేసి ఇరవై కాపీలు ఉన్నాయని రూఢి చేసుకుని, అవి షాపులో దిగాకే గ్రూపులో ప్రకటించండి. నేను ఓసారి తొందరపడి ముందే చెప్పేశాను. పుస్తకం స్టాకు లేదన్నారు, రెండోరోజుకల్లా ఎవరో పీడీఎఫ్ గ్రూపులో పడేశారు, అందరూ ఫోన్లో సగం చదివి వచ్చారు, నాకు మిగిలింది టీ ఖర్చు. అప్పట్నుంచీ గ్రూపులో పీడీఎఫ్ పెట్టకూడదని రూలు. కొనలేనివాళ్ల కోసం రెండు కాపీలు షాపులోనే ఉంచుతాం, కూర్చుని చదువుకోవచ్చు, ఊరికే. రెండొందల పేజీలు దాటని పుస్తకమైతే మేలు, గడువు కనీసం నాలుగు వారాలు ఇవ్వండి. నవల, కథలు, నవల, ఆత్మకథ, ఇలా మారుస్తూ పోతే విసుగు రాదు. కవిత్వం మాత్రం సంపుటి మొత్తం పెట్టకండి, నాలుగు కవితలు చాలు.

టైము గురించి ఒక్కటి చెప్పాలి. మొదట్లో ఆదివారం పొద్దున పదింటికి పెట్టాను, ఆ బీటెక్ అమ్మాయి తప్ప ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు. మనవాళ్లకి చదివే ఆసక్తి లేదేమో అని నాకు నేనే తీర్మానించుకున్నాను కూడా. ఒకావిడ షాపుకొచ్చి "ఆదివారం పదింటికి మా ఇంట్లో టిఫినే అవ్వదండీ, మీ క్లబ్బుకి ఎవరొస్తారు" అని నిలదీసేదాకా నాకు బుర్ర వెలగలేదు. మధ్యాహ్నం మూడున్నరకి మార్చాక ఇప్పుడు సగానికి పైగా వాళ్లే. మేలో మాత్రం ఆ టైముకి బెజవాడలో ఎవరూ బయట అడుగు పెట్టరు, ఆ ఒక్క నెలా సాయంత్రం ఆరుకి.

చర్చ నడపడం పెద్ద విద్యేమీ కాదు. తలా ఒక వాక్యం, పుస్తకంలో గీత గీసుకున్నది, పైకి చదవమనండి, ఎందుకు గీశారో చెప్పమనండి. ఒక రౌండు తిరిగేసరికి నోరు విప్పనివాళ్లు ఉండరు. పూర్తిగా చదవనివాళ్లనీ రానివ్వండి, కాకపోతే ముగింపు చెప్పేస్తున్నారని గొడవ చెయ్యకూడదని ముందే అనుకోండి. ఇక ప్రతి క్లబ్బులోనూ ఒకరుంటారు, మైకు లేకుండానే ఇరవై నిమిషాలు ప్రసంగించేవారు. ఆయన్ని ఎదురుగా కూర్చోబెట్టకండి, మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. "మాస్టారూ, అక్కడే ఆపండి, అది చాలా బాగుంది, దానిమీద లక్ష్మిగారు ఏమంటారో విందాం" అని చెయ్యి మీద చెయ్యి వేస్తే చాలామంది నొచ్చుకోరు. ఒకాయన నొచ్చుకున్నారు, మళ్లీ రాలేదు, ఏం చేస్తాం.

తినడానికి బిస్కెట్లు, టీ చాలు. మిరపకాయ బజ్జీలు పెట్టామంటే సాయంత్రానికి కొత్త అట్టల మీద నూనె వేళ్లు కనబడతాయి, అనుభవం మీద చెబుతున్నా.

ఇప్పుడు రచయిత. పిలిచేముందు డబ్బు సంగతి మాట్లాడేయండి, మొహమాటం వద్దు. మేం నలభై కాపీలు రచయిత దగ్గరో పబ్లిషర్ దగ్గరో తెచ్చుకుంటాం, అమ్ముడైనవాటికి కమీషన్ పోను మిగతాది ఇస్తాం, మిగిలిన కాపీలు వెనక్కి. అమ్మిన డబ్బు రాక ఏళ్లకేళ్లు తిరిగిన కథలు ప్రతి రచయిత దగ్గరా రెండు మూడు ఉంటాయి, అందుకే ఆ రాత్రే లెక్క చూసి ఫోన్‌పే చేసేయండి. ఒక్కసారి అలా చేశారా, ఆయనే పదిమందికి మీ షాపు పేరు చెబుతారు. లెక్క ఎలా ఉంటుందంటే: 200 రూపాయల పుస్తకం, 22 కాపీలు పోయాయనుకోండి, అంటే 4400. మన కమీషన్ 35 శాతం అయితే 1540. కుర్చీల అద్దె 300, టీ బిస్కెట్లు 350, రచయితకి ఆటో, భోజనం 400. మిగిలేది 490. దీంతో మేడలు కట్టలేం, కానీ వచ్చినవాళ్లు మిగతా ర్యాకులు కూడా చూస్తారు, ఆ అమ్మకం వేరే.

ఇంకో ముఖ్యమైన సంగతి, ఇది ఎవరూ చెప్పరు. మన రచయితలకి పుస్తకం ఊరికే పంచడం అలవాటు. సంచిలో పాతిక కాపీలు తెచ్చి, గుమ్మంలోనే కనబడినవాళ్లందరికీ "ఆత్మీయంగా" అని సంతకం చేసి ఇచ్చేస్తారు. పాపం చదువుతారన్న ఆశ అంతే. కానీ అలా ఇచ్చాక షాపులో ఎవరు కొంటారు? "సార్, ఆ రోజు మాత్రం ఊరికే ఇవ్వకండి, కావాలంటే మర్నాడు మీ ఇంటి దగ్గర ఇచ్చుకోండి" అని ఫోన్లోనే చెప్పేయండి. నవ్వేసి ఒప్పుకుంటారు.

కార్యక్రమం గంటా పావు దాటకూడదు. పదినిమిషాలు రచయిత తన పుస్తకంలోంచి చదవాలి, ఏ పేజీయో ముందే అనుకోవాలి, లేకపోతే అక్కడ పేజీలు తిరగేస్తూ కూర్చుంటారు. తర్వాత అరగంట సంభాషణ. ఎదురుగా కూర్చుని అడిగే మనిషి పుస్తకం మొత్తం చదివి ఉండాలి, పేరున్నవాళ్లే కానక్కర్లేదు, మా క్లబ్బులో ఆ బీటెక్ అమ్మాయి అందరికంటే బాగా అడుగుతుంది. ఆ తర్వాత ప్రేక్షకుల ప్రశ్నలు. వీటిని చీటీల మీద రాయించుకోండి, నిలబడి అడగమంటే ప్రశ్న ప్రసంగమైపోతుంది. చివర్లో సంతకాలు. కొన్నవాళ్లు తమ పేరు చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టి ఇస్తే వరుస చకచకా కదులుతుంది, అక్షరం తప్పూ పోదు. నాలుగు పెన్నులు పక్కన పెట్టండి. కుర్చీలు పాతిక తెప్పించినా ముందు పదిహేనే వెయ్యండి, జనం వచ్చేకొద్దీ ఒక్కోటీ లాగుతుంటే నిండినట్టుంటుంది. ఆరు అంటే ఆరుకే మొదలుపెట్టండి, ముగ్గురే ఉన్నా సరే. రెండుసార్లు అలా చేస్తే మూడోసారికి ఊరు నేర్చుకుంటుంది.

ఎప్పుడు పిలవాలి? జనవరి మొదట్లో ఇక్కడ పుస్తక మహోత్సవం నడుస్తుంది, ఆ సాయంత్రాల్లో పోటీకి దిగడం దండగ. కానీ ఆ రోజుల్లో హైదరాబాద్ నుంచీ అనంతపురం నుంచీ రచయితలు తమ ఖర్చుతోనే వచ్చి ఉంటారు కదా, పొద్దున పదకొండుకి మన షాపుకి రమ్మంటే హాయిగా వస్తారు, మనకి రైలు టికెట్టు మిగులుతుంది. హైదరాబాద్‌లో షాపు ఉన్నవాళ్లు డిసెంబరు బుక్ ఫెయిర్‌కి ఇదే చెయ్యొచ్చు. అమెరికాలో ఉన్న రచయితని వీడియోలో కలపాలంటే మాత్రం మన సాయంత్రం నాలుగు పనికిరాదు, చలికాలంలో న్యూయార్కులో అప్పుడు తెల్లారి ఐదున్నర. మన ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర అయితే వాళ్లకి శనివారం రాత్రి పదకొండు, కాలిఫోర్నియాలో ఎనిమిదే. టిఫిన్ల సమస్య ఉంటుంది మరి, ఆ రోజు ఇడ్లీలు మనమే పెట్టాలి.

ప్రచారానికి వాట్సాప్‌లో ఒక పోస్టరు, పత్రికల జిల్లా ఎడిషన్లలో వచ్చే "నేడు" కాలమ్‌కి రెండు రోజుల ముందు నాలుగు లైన్లు రాసి పంపడం, షాపు అద్దం మీద చేత్తో రాసిన కాగితం, ఇవి చాలు. పోస్టరు మీద అతిథుల ఫొటోలు పేర్చకండి, పుస్తకం బొమ్మ పెద్దగా, టైము ఇంకా పెద్దగా. అందరూ వెళ్లేముందు వచ్చే నెల పుస్తకం బల్ల మీద పేర్చి ఉంచండి, తేదీ రాసిన చీటీ ఒక్కోదాంట్లో దూర్చి. చెప్పులేసుకుంటూ వెనక్కి తిరిగి చూసి తీసుకునేవాళ్లు ఐదారుగురు ఉంటారు.