చలికాలం ఐసీయూ ఛార్టులు: 99291 వేసే ముందు చూసుకోవాల్సినవి

అమెరికాలో చలి ముదిరిందంటే ఫ్లూ, ఆర్‌ఎస్‌వీ (శ్వాసకోశ వైరస్) కేసులతో అక్కడి ఐసీయూల మీద ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఛార్టుల్లో కొన్నిటిని కోడ్ చేసేది, అంటే చికిత్సను బిల్లు కోసం కోడ్‌లుగా మార్చేది, హైదరాబాద్‌లో మనవాళ్లే. డాక్టర్ హడావుడిలో నోట్ రాస్తారు, కోడర్‌కు టార్గెట్ తొందర. అందుకే క్రిటికల్ కేర్‌కు (ప్రాణాపాయంలో ఉన్న రోగికి డాక్టర్ ఇచ్చే చికిత్సకు) వేసే కోడ్ 99291 గురించి సీజన్‌కు ముందే ఇవి మళ్లీ చూసుకోండి.

ముందు చూడాల్సింది టైమ్ కాదు, రోగి పరిస్థితి. ఐసీయూ బెడ్ మీద ఉన్నంత మాత్రాన క్రిటికల్ కేర్ అయిపోదు. కీలకమైన అవయవం దెబ్బతిని ప్రాణం మీదికి వచ్చే ప్రమాదం ఉందని, దాన్ని ఆపడానికి డాక్టర్ ఏం చేశారన్నది నోట్‌లో కనబడాలి. "వెంటిలేటర్ మీద స్టేబుల్, అదే ట్రీట్‌మెంట్, 40 నిమిషాలు" అన్న నోట్ ఆడిట్‌లో నిలబడదు. "సెప్టిక్ షాక్, బీపీ పడిపోతోంది, నార్‌ఎపినెఫ్రిన్ డోస్ పెంచాం, లాక్టేట్ మళ్లీ పంపాం" అని ఉంటే ఇంకెవరూ అడగక్కర్లేదు. నిన్నటి నోట్‌నే కాపీ పేస్ట్ చేస్తే మాత్రం ఇవాళ్టి ప్రమాదం ఎక్కడా కనబడదు.

ఇక టైమ్. 30 నిమిషాలు లేకపోతే 99291 లేనట్టే. 74 దాకా అదొక్కటే. సీపీటీ (అమెరికా వైద్యసేవల కోడ్‌ల జాబితా) ప్రకారం 75వ నిమిషం నుంచి అదనపు టైమ్‌కు వేసే 99292 కలుస్తుంది, అక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ మాత్రం 104 నిమిషాలు నిండితేగానీ ఒప్పుకోదు. 90 నిమిషాల నోట్ చేతికొస్తే ముందు పేయర్ (బిల్లు చెల్లించే బీమా) ఎవరో చూడండి.

ఇంట్యుబేషన్ (గొంతులోకి శ్వాస గొట్టం వేయడం, కోడ్ 31500), సీపీఆర్ (కోడ్ 92950) లాంటివి విడిగా బిల్ చేస్తే వాటికి పట్టిన టైమ్ తీసేయాలి, తీసేశామని నోట్‌లో ఒక వాక్యం ఉండాలి. వెంటిలేటర్ మేనేజ్‌మెంట్, చెస్ట్ ఎక్స్‌రే చూడటం 99291లోనే కలిసిపోతాయి, విడిగా వేయకూడదు. రోగి మాట్లాడలేని స్థితిలో ఉండి, చికిత్స నిర్ణయం కోసం ఇంట్లోవాళ్లతో మాట్లాడిన టైమ్ లెక్కలోకి వస్తుంది. ధైర్యం చెప్పడానికి మాట్లాడింది రాదు. రెసిడెంట్‌కు (శిక్షణలో ఉన్న డాక్టర్‌కు) పాఠం చెప్పిన టైమూ అంతే.

టైమ్ రాయకపోతే ఊహించి వేయొద్దు, డాక్టర్‌కు క్వెరీ (వివరం అడిగే ప్రశ్న) పంపండి. "35 నిమిషాలు పట్టిందా?" అని అందించి అడగకూడదు. "ఎంత సమయం గడిపారో తెలపండి" అనాలి. జవాబు రాకపోతే 99291 వదిలేసి, నోట్‌కు సరిపడే విజిట్ కోడే వేయాలి.