మామూలు జాయ్‌స్టిక్‌తో హెలికాప్టర్ సిమ్యులేటర్: సెట్టింగులు ఎలా చేసుకోవాలి?

బజారులో దొరికే జాయ్‌స్టిక్‌లు దాదాపు అన్నీ విమానాన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవే. పెట్టెలోంచి తీసి అలాగే కంప్యూటర్ సిమ్యులేటర్‌లోని హెలికాప్టర్‌కి తగిలిస్తే, అది నేల వదిలీ వదలకముందే గింగిరాలు తిరిగి పక్కకు ఒరిగిపోతుంది. చాలామంది అక్కడే విసిగి మానేస్తారు. సగం కష్టం సెట్టింగులు సరిచేస్తే పోతుంది.

హెలికాప్టర్‌లో ప్రధానంగా మూడు కంట్రోల్స్. కుడిచేతిలో సైక్లిక్, ఎటు వంచితే అటు పోతుంది. ఎడమ పక్కన కలెక్టివ్, పైకి లాగితే రోటర్ రెక్కలన్నిటి కోణం ఒకేసారి పెరిగి హెలికాప్టర్ లేస్తుంది. కాళ్ల దగ్గర పెడల్స్, వాటితో ముక్కు అటూ ఇటూ తిరుగుతుంది. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రో లాంటి స్టిక్ ఒక్కదానితో ఈ మూడూ సర్దుకోవచ్చు: స్టిక్కే సైక్లిక్, స్లైడర్ కలెక్టివ్, పిడి మెలితిప్పితే పెడల్స్.

మొదట విండోస్‌లో ‘సెటప్ యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్స్’ అని వెతికి కాలిబ్రేట్ చేయండి, అంటే స్టిక్ మధ్య, అంచులు ఎక్కడో కంప్యూటర్‌కి తెలిసేలా సరిచేయండి. తర్వాత స్టిక్ మీద నుంచి చెయ్యి తీసేసి తెర మీది గుర్తును చూడండి. అది వణుకుతుంటే లోపల స్టిక్ కదలికను కొలిచే పొటెన్షియోమీటర్ మురికిపట్టిందో, అరిగిందో. కళింగపట్నం, బారువ లాంటి ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలి ఎలాగూ ఉంటుంది కాబట్టి ఆడనప్పుడు గుడ్డ కప్పి ఉంచండి. కొత్తది కొనేవాళ్లు థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎం లాంటి హాల్ సెన్సర్ స్టిక్ చూసుకోవచ్చు. అందులో స్టిక్‌ని అటూ ఇటూ వంచే కదలికను అయస్కాంతంతో కొలుస్తారు, ఆ కొలతలో రాసుకుని అరిగే భాగం ఉండదు.

ఇప్పుడు కలెక్టివ్. విమానంలో థ్రాటిల్ ముందుకు తోస్తే పవర్ పెరుగుతుంది. కలెక్టివ్‌ని మాత్రం పైకి లాగాలి. అందుకని స్లైడర్‌ని సిమ్యులేటర్‌లో ‘కలెక్టివ్’ యాక్సిస్‌కి (ఒక్కో కదలికకు ఉండే వరస) కేటాయించి, రివర్స్ చేయండి: మీ వైపు లాగితే లేవాలి, తోస్తే దిగాలి. దిగేటప్పుడు టెన్షన్‌లో చెయ్యి తనంతట తానే లాగుతుంది, అప్పుడు దిశ తిరగబడి ఉంటే నేలకు కొట్టేస్తారు. ఇంజిన్ థ్రాటిల్ జోలికి పోవద్దు, గవర్నర్ (రోటర్ వేగాన్ని నిలకడగా ఉంచే పరికరం) ఉన్న మోడల్‌లో అదే చూసుకుంటుంది. స్లైడర్ మరీ పొట్టిగా అనిపిస్తే ఊళ్లో వెల్డింగ్ షాపులో ఇనప గొట్టానికి మడతబందు పెట్టించి, 10కే లీనియర్ పొటెన్షియోమీటర్, కంప్యూటర్‌కి జాయ్‌స్టిక్‌లా కనిపించే ఆర్డుయినో లియోనార్డో అనే చిన్న సర్క్యూట్ బోర్డు కలిపితే సొంత కలెక్టివ్ తయారు. వదిలిన చోటే ఆగాలంటే బోల్టు కింద సైకిల్ ట్యూబు ముక్క వేసి బిగించండి.

అసలు చిక్కు స్ప్రింగ్‌తో. గాల్లో నిలిపినప్పుడు కూడా సైక్లిక్ సరిగ్గా మధ్యలో ఉండదు. తోక రోటర్ పక్కకు నెడుతుంది కాబట్టి కాస్త ఎదురు వంచి పట్టుకోవాలి. జాయ్‌స్టిక్ స్ప్రింగ్ మాత్రం ఎప్పుడూ మధ్యకే లాగుతుంది. ఫోర్స్ ట్రిమ్‌ని, అంటే నొక్కినప్పుడు స్టిక్ ఉన్న చోటునే కొత్త మధ్యగా పట్టుకునే సదుపాయాన్ని, బొటనవేలికి అందే బటన్‌కి పెట్టుకోండి. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లో హ్యూయీ, ఎంఐ-8 హెలికాప్టర్లు నడిపేవాళ్లు స్పెషల్ ఆప్షన్స్‌లో సెంట్రల్ ట్రిమ్మర్ మోడ్ ఎంచుకుంటే, ట్రిమ్ నొక్కి స్టిక్‌ని మధ్యకు వదిలాకే మళ్లీ కదలికలు తీసుకుంటుంది.

డెడ్‌జోన్ (మధ్యలో కొంచెం కదిపినా సిమ్యులేటర్ పట్టించుకోని మేర) సైక్లిక్‌కి సున్నా. వణుకు ఉంటే ఒకటి రెండు శాతం, అంతే. కర్వ్ (స్టిక్ ఎంత కదిపితే ఎంత స్పందించాలో మార్చే సెట్టింగు) గట్టిగా పెట్టమని చాలామంది చెబుతారు, నాకది నచ్చదు. మధ్యలో మెత్తబడినంతా అంచుల్లో దూకుడవుతుంది, ముందుకు సాగేటప్పుడు స్టిక్ ఉండేది మధ్యలో కాదు. పొట్టి స్టిక్ అయితే కర్వ్ 10 నుంచి 15 చాలు. మెలితిప్పే యాక్సిస్‌కి మాత్రం 3 నుంచి 5 శాతం డెడ్‌జోన్ పెట్టండి, లేకపోతే పక్కకు వంచినప్పుడల్లా ముక్కు కూడా తిరుగుతుంది. చేతిలో డబ్బుంటే ఖరీదైన స్టిక్ కన్నా ముందు పెడల్స్ కొనండి.

స్టిక్‌ని బల్ల మీద పెట్టకండి. ముంజేయి తొడ మీద ఆనేలా, మోకాళ్ల మధ్య చిన్న పీట మీద బిగించుకోండి. కదలిక మణికట్టు నుంచి రావాలి.

ఏ పెడల్ తొక్కాలన్నది మోడల్‌ని బట్టి మారుతుంది. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌కి 2022 నవంబరులో వచ్చిన రెండు హెలికాప్టర్లనే చూడండి. బెల్ 407 రోటర్ పైనుంచి చూస్తే అపసవ్యంగా తిరుగుతుంది, కలెక్టివ్ లాగితే ముక్కు కుడికి పోతుంది, ఎడమ పెడల్ కావాలి. ఫ్రెంచి కాబ్రీ జీ2కి అంతా దీనికి వ్యతిరేకం. మన సైన్యాలు వాడే చేతక్ కూడా ఫ్రెంచి మూలంది కాబట్టి కుడి పెడలే.

పరీక్షకు విశాఖ రన్‌వే మీద, గాలి లేని వాతావరణంలో మొదలుపెట్టండి. చూపు దూరంగా ఉంచి, మీటరు ఎత్తులో నిలపడానికి ప్రయత్నించండి. అది కుదిరాక సముద్రాన్ని కుడివైపు ఉంచుకుని భీమిలి మీదుగా, నాగావళి దాటి, వంశధార సముద్రంలో కలిసే కళింగపట్నం దాకా వెళ్లండి. వేగం 15, 20 నాట్లు దాటేటప్పుడు ఒక వణుకు వచ్చి ముక్కు లేస్తుంది. కొంచెం ముందుకు నొక్కితే సరి.

ఇసుక మీద దిగేటప్పుడు వేగం 30 నాట్ల లోపు ఉంటే నిమిషానికి 300 అడుగుల కన్నా త్వరగా కిందికి రాకండి. అంతకు మించితే రోటర్ తాను కిందికి తోసిన గాలిలోనే చిక్కుకుని హెలికాప్టర్ కూలినట్టు దిగుతుంది. అప్పుడు కలెక్టివ్ లాగితే ఇంకా దిగజారుతుంది. కలెక్టివ్ తగ్గించి, సైక్లిక్ ముందుకు తోసి, వేగం అందుకుని బయటపడాలి.