లోహశోధన పాఠాలు – 6: మేకుల నేలలో చిన్న కాయిల్

గత పాఠం చివర ఒక అభ్యాసం ఇచ్చాను. నేల మీద ఒక నాణేన్ని పెట్టి, దానికి నాలుగు వేళ్ల దూరంలో తుప్పు పట్టిన మేకును ఉంచి, చిన్న కాయిల్‌తో (లోహశోధన యంత్రం కర్ర చివర ఉండే, నేల మీద ఊపే పళ్లెంతో) ఆ రెండింటినీ వేరువేరుగా వినమన్నాను. చేసి చూసినవారిలో కొందరికి నాణెం ఖంగున పలికింది. మిగిలినవారికి మేకు గుర్రుమనడం తప్ప మరేమీ వినిపించలేదు. వీరిలో చాలామంది చిన్న కాయిల్ వట్టి దండుగ అని తేల్చుకుని, 11 అంగుళాల పాత కాయిల్‌నే మళ్లీ బిగించుకున్నారు. ఇందులో తప్పు వారిది కాదు, కాయిల్‌ది అంతకన్నా కాదు. మేకును నాణేనికి ఏ పక్కన పెట్టాలో, మీరు ఎటువైపు నిలబడాలో నేను రాయలేదు. అందువల్ల నేడు చెబుతానన్న, వస్తువు ఉన్న చోటును కచ్చితంగా పట్టే పిన్‌పాయింట్ సంగతిని వచ్చే పాఠానికి జరిపి, ఆ అభ్యాసాన్నే మళ్లీ విప్పి చూద్దాం.

మీలో ఎక్కువమంది చేతిలో ఉన్నది డబుల్ డి కాయిల్. దాని లోపల డి అక్షరం ఆకారంలో ఉన్న రెండు తీగచుట్లు వీపులు ఆనించుకుని, మధ్యలో కొంత మేర ఒకదానిపై ఒకటి ఎక్కి ఉంటాయి. లోహాన్ని బాగా పసిగట్టేది ఆ ఎక్కిన భాగం. అది కాయిల్ ముక్కు నుంచి మడమ దాకా, అంటే మీకు ఎదురుగా ముందువెనుకలుగా, సన్నని పట్టీలా సాగుతుంది. కనుక మీరు అటూ ఇటూ ఊపుతున్నప్పుడు నేలలో తిరుగుతున్నది గుండ్రని పళ్లెం కాదు, నిలువునా దించిన పలుచని పలక అని ఊహించుకోండి.

ఇప్పుడు నాణేనికి కుడిపక్కన మేకు ఉందనుకుందాం. పలక ముందు నాణేన్ని దాటి, ఆ తరువాత మేకును దాటుతుంది కనుక రెండు మోతలు విడివిడిగా వస్తాయి. అదే మేకు నాణేనికి అవతల, మీకు సూటిగా ఎదురుగా ఉంటే, పలక ఒకే క్షణంలో రెండింటి మీదా పడుతుంది. యంత్రానికి అందేది రెండింటి కలగలుపు మోత, అందులో ఇనుముదే పైచేయి అవుతుంది. ఈ పాఠం రాయడానికి కూర్చునే ముందు, అరచేతి మధ్యలో ఇమిడే రాగి నాణేన్నీ, అంగుళంన్నర మేకునూ పెరట్లో పెట్టి నేనూ మరోసారి చేశాను. రెండూ ఒకదాని వెనుక ఒకటిగా ఉండేలా నిలబడితే పది ఊపులకు ఒక్కసారి, అదీ తడబడుతూ, నాణెం పలికింది. వాటిని కదపకుండా నేనే పావు వలయం నడిచి పక్కకు వెళ్లి ఊపితే, పదికి పదిసార్లూ పలికింది. గత వారం మోత వినిపించనివారు ఆ జంటను తమ ఎదుట ఒకదాని వెనుక ఒకటిగా పెట్టుకున్నారని నా అనుమానం. కాన్‌సెంట్రిక్ కాయిల్ (ఒకే కేంద్రం చుట్టూ గుండ్రని తీగచుట్లు ఉన్నది) ఉన్నవారికి ఈ తేడా ఇంత కొట్టొచ్చినట్టు ఉండదు, దాని చూపు అన్ని వైపులకూ గరాటులా కిందికి సన్నబడుతుంది.

మరి పెద్ద కాయిల్‌తోనూ పక్కకు నడవవచ్చు గదా అని ఒకరు అడిగారు. నడవవచ్చు, కానీ లెక్క చూడండి. ప్రతి 15 సెంటీమీటర్లకు ఒక మేకు చొప్పున పడి ఉన్న నేల అనుకుందాం. పాత కట్టడాలు కూలిన చోట ఇది ఎక్కువేమీ కాదు. 11 అంగుళాల కాయిల్ ఇంచుమించు 600 చదరపు సెంటీమీటర్లను కప్పుతుంది కనుక దాని కింద ఏ క్షణంలోనైనా సగటున రెండు మూడు మేకులు ఉంటాయి. 5 అంగుళాల కాయిల్ అందులో అయిదో వంతునే కప్పుతుంది కనుక సగటున ఒక మేకు కూడా పడదు. పెద్ద కాయిల్‌కు మేకులేని సందు దొరకనే దొరకదు, చిన్నదానికి దొరుకుతుంది. లోతు తగ్గుతుందన్న మాట నిజమే. నాణెమంత వస్తువు కాయిల్ వ్యాసమంత లోతున అందితే సంతోషించమని ఒక మోటు లెక్క ఉంది. కానీ మేకుల కింద వినిపించని 10 అంగుళాల లోతు కన్నా, మేకుల మధ్య వినిపించే 4 అంగుళాల లోతే నాకు ముద్దు. కాయిల్ మార్చిన ప్రతిసారీ గ్రౌండ్ బ్యాలెన్స్ (నేలలోని ఖనిజాల సంకేతాన్ని యంత్రం పట్టించుకోకుండా చేసే సర్దుబాటు) మళ్లీ చేసుకోవాలని వేరే చెప్పనక్కరలేదు.

ఇక నన్ను విసిగించే సంగతి. దాదాపు అందరూ మేకుల గోల భరించలేక, ఏ లోహాల మోత వినిపించకూడదో ఎంచే అమరిక అయిన డిస్క్రిమినేషన్‌ను పైకి జరిపారు, కొందరు ఏకంగా రేకుల స్థాయి దాటించారు. ఈ పని చేయవద్దని మూడో పాఠంలో ఒక వాక్యంలో చెప్పి ఊరుకున్నాను, ఈసారి ఊరుకోను. డిస్క్రిమినేషన్ నేలలోని చెత్తను తొలగించదు, దాని సంగతి మీ చెవికి చేరనివ్వదు, అంతే. కాయిల్ కింద మేకు ఉండనే ఉంటుంది, తన పక్కనున్న నాణెం సంకేతాన్ని చెడగొడుతూనే ఉంటుంది. పైగా యంత్రం ఒకసారి నోరు మూసుకున్నాక మళ్లీ తెరవడానికి కొంత వ్యవధి కావాలి. ఆ లోపల కాయిల్ నాణేన్ని దాటిపోతుంది. మీరు విన్నది నిశ్శబ్దం కనుక నేల ఖాళీ అనుకుంటారు, నిజానికి అది యంత్రం నోరు మూసుకున్న చోటు. ఇనుమును వినేవాడికి కనీసం ఇక్కడ మేకులున్నాయి, పక్కకు నడిచి చూడాలి అని తెలుస్తుంది. వినిపించకుండా చేసుకున్నవాడికి ఆ కబురూ లేదు. రేకుల స్థాయిని దాటించినవారి నష్టం ఇంకా పెద్దది. సన్నని బంగారు ఉంగరం యంత్రం తెర మీద పలికే అంకెలూ, అల్యూమినియం రేకు, డబ్బా మూత మీది లాగుడు చెవి పలికే అంకెలూ ఒకే చోట కలుస్తాయి. లాగుడు చెవులను వద్దనుకుంటే ఉంగరాలనూ వద్దనుకున్నట్టే. నేనైతే ఏదీ కొట్టివేయను. ఇనుముకు బొంగురు మోత పెట్టుకుని, ఆ గొణుగుడు మధ్య సన్నని స్వరం కోసం చెవి ఒగ్గుతాను. తొలి గంట తలనొప్పిగా ఉంటుంది, తరువాత అలవాటవుతుంది.

ఇనుము పక్కన ఉంటే ఎంతటివారైనా తడబడతారు. 1881లో అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకీ గుండును వెతకడానికి అలెగ్జాండర్ గ్రాహం బెల్ తన యంత్రం తెచ్చినప్పుడు, పరుపులోని ఉక్కు స్ప్రింగులు దాని మోతను గందరగోళపరిచాయి. వైద్యుడు కుడివైపే వెతకనిచ్చాడు, గుండు ఎడమవైపు ఉంది. కింద ఇనుము, నిలబడింది తప్పు పక్కన. గత వారం మీకు ఎదురైనవీ ఈ రెండే.

సీసా మూతల గురించి కూడా అడిగారు. ఉక్కు మూత బల్లపరుపుగా ఉండటం వల్ల ఇనుమై ఉండి కూడా నాణెంలా పలికి మోసం చేస్తుంది. మోత వచ్చిన చోట చిన్నచిన్న ఊపులతో కాయిల్‌ను మీ వైపు మెల్లగా లాక్కోండి. కాయిల్ ముక్కు ఆ చోటును విడిచే క్షణంలో మంచి మోత చెడి బొంగురుపోతే అది సాధారణంగా మూతే. నాణెమైతే చివరిదాకా అదే స్వరంతో సన్నగిల్లుతుంది.

సెన్సిటివిటీని, అంటే యంత్రం సంకేతాలను పసిగట్టే పదునును, చెత్త నేలలో పూర్తిగా పెంచవద్దు, పెంచితే చిన్న కాయిల్ కూడా దూరపు మేకులను పోగేస్తుంది. నేను మూడింట రెండు వంతుల దగ్గర మొదలుపెడతాను. ఊపు నెమ్మదిగా, చిన్నదిగా ఉండాలి, కాయిల్ నేలకు సమాంతరంగా సాగాలి. చివర్లలో చేయి పైకి లేస్తే అక్కడి నేల విననట్టే. మేకు నాణెం నెత్తినే కూర్చుంటే మాత్రం ఎటువైపు నడిచినా లాభం లేదు. మేకును తవ్వి తీసి, అదే గోతిపై మళ్లీ ఊపాలి. నాకు దొరికినవాటిలో మంచివి కొన్ని ఇలా రెండో ఊపులోనే పలికాయి.

ఈ వారం అభ్యాసం కాస్త కష్టమైనదే. మేకులున్న నేలలో మీటరు పొడవు, మీటరు వెడల్పున తాడుతో ఒక చదరం కట్టండి. ఒక అంచు దగ్గర నిలబడి, ఊపుకు ఆరు సెంటీమీటర్లు మాత్రమే ముందుకు జరుగుతూ దాన్ని పూర్తి చేయండి. పదహారు పదిహేడు ఊపులు పడతాయి. వచ్చిన ప్రతి మోతనూ కాగితం మీద గీసిన చదరంలో గుర్తుపెట్టి, ఏమై ఉంటుందో పక్కనే రాయండి. ఇదే పనిని మిగిలిన మూడు అంచుల నుంచీ చేయండి, ప్రతిసారీ కొత్త కాగితం తీసుకోండి. నాలుగు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక్క వైపు నుంచే పలికిన చోట్లు కొన్ని బయటపడతాయి. ముందు వాటిని తవ్వండి, ఆ తరువాత ఇనుమని రాసుకున్నవాటితో సహా అన్నిటినీ తవ్వండి. తవ్విన వస్తువు పేరును మీ ఊహ పక్కనే రాసి, ఆ కాగితాలను వచ్చే పాఠం దాకా దాచండి. పిన్‌పాయింట్ పాఠాన్ని వాటితోనే మొదలుపెడతాను.